పెట్టె తెరిస్తే... పర్సు ఖాళీ!

ఆట ఉచితం. అందులోని పెట్టెకు మాత్రం డబ్బు కట్టాలి. లోపలేముందో కట్టాకే తెలుస్తుంది. అలాంటి పెట్టెను పదేళ్ల పిల్లాడికి అమ్మొచ్చా? ఈ ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో జవాబు చెబుతోంది.

‘నాన్నా, ఓటీపీ వచ్చిందా? ఒక్కసారి చెప్పవా... ప్లీజ్‌!’

‘ఎందుకురా?’

‘గేములో పెట్టె కొనుక్కోవాలి. యాభై రూపాయలే!’

యాభయ్యే కదా అని నాన్న చెప్పేస్తాడు. తెరమీద పెట్టె గిరగిరా తిరుగుతుంది. మెరుపులు, చప్పుళ్లు... బంగారు తుపాకీ దగ్గరదాకా వచ్చి జారిపోతుంది. చివరికి ఓ మామూలు చొక్కా చేతికొస్తుంది. ‘ఇంకొక్కటి నాన్నా... ఈసారి గ్యారంటీ!’

ఇలాంటి బేరం మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది. ఆ పెట్టె పేరే ‘లూట్‌ బాక్స్‌’.

ఇది మనకు మరీ కొత్తేం కాదు. చిన్నప్పుడు బడి ముందు కొట్లో అట్టకు అంటించిన లాటరీ చీటీలు గుర్తున్నాయా? పావలా ఇచ్చి ఒకటి చించితే బెలూనో, ప్లాస్టిక్‌ ఉంగరమో వచ్చేది. చాలాసార్లు ఏమీ వచ్చేది కాదు. అయితే జేబులో పావలా అయిపోగానే ఆటా అయిపోయేది. ఫోన్లో అలా కాదు. నాన్న ఖాతాలో డబ్బున్నంతసేపూ చీటీ చించుతూనే ఉండొచ్చు!

వజ్రాల మాయ

గేముల్లో చిన్నచిన్న కొనుగోళ్లన్నీ ఒకటే కాదు. ఫలానా చొక్కా వంద రూపాయలని ముందే చెబితే పేచీ లేదు. నచ్చితే కొంటాం, లేకపోతే మానేస్తాం. లూట్‌ బాక్స్‌లో కొనేదేమిటో తెలియదు. చాలా గేముల్లో ఎంతకు కొంటున్నామో కూడా చటుక్కున తేలదు. ముందు రూపాయలతో నాణేలో, వజ్రాలో కొనాలి. వాటితో పెట్టె కొనాలి. పిల్లాడి కంటికి ఖర్చవుతున్నది వజ్రాలే! పెట్టె ధర 60 నాణేలైతే, నాణేలను 50, 100 చొప్పున అమ్ముతారనుకోండి. మిగిలిన 40 వృథా పోతాయని మళ్లీ కొనాలనిపిస్తుంది.

ఇక అసలు లెక్క. బంగారు తుపాకీ దొరికే అవకాశం నూటికి ఒకటి, పెట్టె ధర 50 రూపాయలు అనుకుందాం. వంద పెట్టెలు తెరిస్తే, అంటే 5,000 రూపాయలు పెడితే తుపాకీ ఖాయమేనా? కానే కాదు. ఎన్ని తెరిచినా, తర్వాతి పెట్టెలో అవకాశం మళ్లీ నూటికి ఒకటే. వంద మంది పిల్లలు తలా వంద పెట్టెలు తెరిస్తే, వారిలో సుమారు 37 మందికి ఆ తుపాకీ దొరకదు! ఈ లెక్క పెద్దవాళ్లకే తికమకగా ఉంటుంది. ఇక పదేళ్ల పిల్లాడి సంగతి చెప్పాలా?

దేశానికో దారి

ముందుగా మేల్కొన్నది జపాన్‌. ఇలాంటి పెట్టెల నుంచి వచ్చే బొమ్మలన్నీ సేకరించి ఒక సెట్టు పూర్తిచేస్తేనే పెద్ద బహుమతి ఇచ్చే పద్ధతికి 2012లో అడ్డుకట్ట వేసింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది మాత్రం 2017లో. డబ్బిచ్చి కొన్న ‘స్టార్‌ వార్స్‌ బాటిల్‌ఫ్రంట్‌ 2’ గేములోనూ మళ్లీ పెట్టెలు కనిపించేసరికి ఆటగాళ్లు భగ్గుమన్నారు. విడుదలకు ముందే ఆ అమ్మకాలను కంపెనీ ఆపేయాల్సి వచ్చింది.

2018 ఏప్రిల్‌లో బెల్జియం ఇంకో అడుగు ముందుకేసింది. ‘ఫిఫా 18’, ‘ఓవర్‌వాచ్‌’, ‘కౌంటర్‌ స్ట్రైక్‌’ గేముల్లోని పెట్టెలు జూదమేనని అక్కడి జూద నియంత్రణ సంస్థ తేల్చింది. తప్పుచేస్తే జైలు, భారీ జరిమానా అంది. దాంతో సమస్య తీరిందా? అదే బెల్జియంలో 2022లో ఓ పరిశోధకుడు ఎక్కువ ఆదాయం తెచ్చే 100 ఐఫోన్‌ గేములను పరిశీలిస్తే, 82 గేముల్లో పెట్టెలు దర్జాగా ఉన్నాయి! కాపలా లేకపోతే చట్టం కాగితమే.

పోనీ, దేనికెంత అవకాశమో బయటపెట్టమంటే సరిపోతుందా? చైనా 2017లోనే ఆ నిబంధన పెట్టింది. కానీ కంపెనీ చెప్పే అంకె నిజమేనని ఎవరు చూడాలి? ‘మేపుల్‌స్టోరీ’ గేములో అవకాశాలను గుట్టుగా తగ్గించినందుకు నెక్సాన్‌ కంపెనీకి దక్షిణ కొరియా 2024లో 1,160 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది.

బ్రిటన్‌ది మరో దారి. చట్టం మార్చబోమనీ, పిల్లల్ని కాపాడే బాధ్యత కంపెనీలే తీసుకోవాలనీ 2022లో చెప్పింది. ఆస్ట్రేలియాలో 2024 సెప్టెంబరు నుంచి, డబ్బు పెట్టి కొనే పెట్టెలున్న కొత్త గేములు 15 ఏళ్లలోపు వారికి తగవన్న ముద్ర వేస్తున్నారు.

కంపెనీలేమంటాయి?

ఇది జూదం కాదు, సరదా అంటాయి. 2019లో బ్రిటన్‌ పార్లమెంటు కమిటీ ముందు ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌ ప్రతినిధి వీటిని బొమ్మ దాచిన చాక్లెట్‌ గుడ్డుతో పోల్చారు. కొందరు డబ్బు పెడుతున్నందుకే మిగతావాళ్లకు ఆట ఉచితంగా అందుతోందన్నది మరో వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే చాక్లెట్‌ గుడ్డు అర్ధరాత్రి ‘ఇంకో గంటే గడువు’ అంటూ ఫోన్‌ మోగించదు. పిల్లాడు ఎప్పుడు మెత్తబడతాడో కనిపెట్టదు!

మన దగ్గర?

ఆన్‌లైన్‌లో డబ్బు పందేలను 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్‌ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. డబ్బు పెట్టి, గెలిస్తే డబ్బో మరో లాభమో వస్తుందని ఆడే ఆటలు దాని గురి. లూట్‌ బాక్స్‌లో వచ్చేది తుపాకీ బొమ్మ. అది లాభమా, కాదా? చట్టంలో లూట్‌ బాక్స్‌ పేరే లేదు. ‘బీజీఎంఐ’ గేము 2021లో వచ్చినప్పుడు, 18 ఏళ్లలోపు వారు రోజుకు 7,000 రూపాయలకు మించి ఖర్చుపెట్టకుండా కంపెనీయే హద్దు పెట్టింది. రోజుకు ఏడు వేలు! పాతికవేల జీతగాడి ఇంట్లో నాలుగు రోజులు చాలవూ?

గేములన్నీ నిషేధించాలని ఎవరూ అనడం లేదు. అమెరికాలో ‘గెన్‌షిన్‌ ఇంపాక్ట్‌’ గేము అమ్మే సంస్థ 2025 జనవరిలో ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీతో రాజీకొచ్చింది. 2 కోట్ల డాలర్లు కట్టడంతో పాటు, 16 ఏళ్లలోపు వారికి అమ్మానాన్నల అనుమతి లేకుండా పెట్టెలు అమ్మబోమని ఒప్పుకుంది. అవకాశాలెంతో చెప్పడానికీ, అసలు డబ్బుతో నేరుగా కొనే వీలు కల్పించడానికీ తలూపింది. మన ప్రభుత్వం అడగాల్సిందీ అదే. పెద్దల అనుమతి, రూపాయల్లో ధర, నిజమైన అంకె... వాటిని తనిఖీ చేసే ఓ అధికారి. బడి ముందు కొట్లో అట్టను వాడకట్టంతా చూసేది. ఫోన్లో అట్టను పిల్లాడొక్కడే చూస్తున్నాడు.

ఇంట్లో ఏం చేయాలి?

* ఫోన్‌ యాప్‌ స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్‌ అడిగేలా పెట్టుకోండి. అది పిల్లలకు చెప్పొద్దు.

* పిల్లలు ఆడే ఫోన్లో కార్డు వివరాలు దాచొద్దు. ఓటీపీ, యూపీఐ పిన్‌ మీ దగ్గరే ఉండాలి.

* అనుమతి లేకుండా డబ్బు పోతే వెంటనే యాప్‌ స్టోర్‌లో వాపసు అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేయండి.

* తిట్టేముందు ఒక్కసారి పక్కన కూర్చుని ఆ ‘37 మంది’ లెక్క చెప్పండి. పిల్లలకు లెక్కలు మనం అనుకున్నంత చేదేం కాదు!