పాలసీసా కొనేముందు, కొన్న తర్వాత

బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు చాలు. మంచినీళ్లు కూడా అవసరం లేదు. ఈ మాట మేము ప్రతి బాలింతకూ చెబుతాము. అయినా నాట్లకో, కోతలకో, ఉద్యోగానికో వెళ్లక తప్పని తల్లులు కర్లపాలెం, బాపట్ల ప్రాంతాల్లో చాలామంది ఉన్నారు. వారు పిండి ఉంచిన పాలను ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో పట్టాలి. అందుకే "సిలికాన్ సీసా మంచిదంటున్నారు, కొనమంటారా?" అని మమ్మల్ని అడుగుతుంటారు.

సిలికాన్ రబ్బరులా మెత్తగా ఉంటుంది. కిందపడితే గాజులా పగలదు, మరిగే నీటికి పాడవదు. పాలికార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌లో ఉండే బి.పి.ఎ. అనే రసాయనం ఇందులో ఉండదు. ఇవన్నీ మంచి గుణాలే. కాని బిడ్డకు విరేచనాలు తెప్పించేది సీసాలో మిగిలిన పాల జిడ్డు. పీకలో, మూత మరల్లో నిలిచిన చుక్క పాలలో మన ఎండలకు కొద్ది గంటల్లోనే క్రిములు పెరుగుతాయి. సీసా ఎంత ఖరీదైనదైనా ఇది తప్పదు.

కొనేటప్పుడు చూడవలసినవి:

1. బ్రష్ అడుగువరకు అందేలా మూతి వెడల్పుగా ఉండాలి.
2. విడిభాగాలు తక్కువగా ఉండాలి.
3. ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. పాలసీసాలకు ఈ గుర్తు ఉండాలని 1992 నాటి చట్టం చెబుతోంది. వాటికి ప్రకటనలు ఇవ్వడాన్ని కూడా అదే చట్టం నిషేధించింది.

వాడేటప్పుడు:

1. పాలు పట్టగానే అన్ని భాగాలూ విడదీసి చన్నీళ్లతో కడగండి. తర్వాత సబ్బు, వేడినీళ్లతో మెత్తని బ్రష్ పెట్టి తోమండి. ఇనుప పీచు వాడితే గీతలు పడి, వాటిలో జిడ్డు నిలుస్తుంది.
2. అన్నీ మునిగేలా నీళ్లు పోసి, మరగడం మొదలయ్యాక 10 నిమిషాలు ఉంచండి.
3. గుడ్డతో తుడవకుండా, శుభ్రమైన చోట బోర్లించి ఆరనివ్వండి.
4. మెత్తని సీసాను నొక్కితే పాలమట్టం పైకి వస్తుంది. కొలత చూసేటప్పుడు బల్లమీద పెట్టి చూడండి.
5. పీకను లాగి చూడండి. చీలినా, జిగటగా మారినా పారవేయండి.
6. బిడ్డ తాగగా మిగిలిన పాలు దాచి మళ్లీ పట్టవద్దు.

ప్రతిసారీ ఇలా మరిగించడం మీ ఇంట్లో కుదరదా? అయితే సీసా కొనకండి. మన పెద్దలు వాడిన ఉగ్గుగిన్నె, లేదా చిన్న స్టీలు గిన్నె, చెంచా చాలు. వాటినీ మరిగించాలి గాని, సందులు లేవు కనుక తోమడం తేలిక. బిడ్డను ఒడిలో తల ఎత్తుగా ఉంచి, గిన్నె అంచును కింది పెదవికి ఆనించండి. నోట్లో పోయకండి, బిడ్డనే చప్పరించనివ్వండి.

పాలు తాగే బిడ్డకు నీళ్ల విరేచనాలై, కళ్లు గుంటలు పడినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, పాలు పట్టకపోయినా, మలంలో రక్తం కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. తల్లిపాలు ఇస్తూనే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.