పంటి మీద అరమిల్లీమీటరు

పిల్లల వంకరపళ్ళకు క్లిప్పులు వేయించే ఇళ్ళలో ఈ మధ్య ఒక కొత్త ధర్మసందేహం బయలుదేరింది. "మామూలు పద్ధతిలో అతికించమంటారా, డిజిటల్ పద్ధతిలోనా?" అని డాక్టరుగారు అడుగుతారు. రెండోదానికి ఫీజు ఎక్కువ. తండ్రి తల్లి వంక చూస్తాడు. తల్లి పిల్ల వంక చూస్తుంది. పిల్ల కంప్యూటరు తెర వంక చూస్తుంది. తెర మీద పళ్ళు రంగురంగులుగా గిరగిరా తిరుగుతూ ఉంటాయి గనక, డిజిటలే ఖాయమవుతుంది.

మా పెద్దమ్మాయికి మామూలు పద్ధతి, చిన్నమ్మాయికి డిజిటల్ పద్ధతి జరిగాయి. రెండుసార్లూ పక్కన కూర్చుని చూశాను గనక నాలుగు మాటలు రాయాలనిపించింది.

అసలు అతికించడంలో అంత పట్టింపు దేనికంటే, పంటిని కదిపేది తీగే అయినా, ఎక్కడికి కదలాలో చెప్పేది బ్రాకెట్టు. బ్రాకెట్టు మధ్యలో ఒక గాడి ఉంటుంది. దాని ఎత్తు అంగుళంలో వెయ్యోవంతులు 18 గాని, 22 గాని. అంటే ఇంచుమించు అరమిల్లీమీటరు. గాడిలో ఇరికించిన తీగ తన మొదటి ఆకారానికి రావాలని చూస్తూ పంటిని మెల్లిగా నెడుతుంది. నెట్టినవైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్తది పుడుతుంది. నెలకు ఒక మిల్లీమీటరు నడిస్తే చురుకైన పన్ను అనుకోవాలి.

వెనకటి డాక్టర్లు ప్రతి పంటి దగ్గరా తీగను చేత్తో వంచి సరిచేసేవారు. 1970 ప్రాంతంలో అమెరికాలో లారెన్స్ ఆండ్రూస్ అనే ఆయన ఆ వంపులన్నీ బ్రాకెట్టులోనే అమర్చి, తీగను తిన్నగా వదిలేశాడు. తీగ వంచే శ్రమ చాలావరకు తప్పింది గాని, భారమంతా అతికించే చోటు మీద పడింది. పై పంటికి బ్రాకెట్టు అరమిల్లీమీటరు పైకి అతికిందా, ఆ పన్ను అంతమేరా కిందికి దిగుతుంది. బ్రాకెట్టు ఒరిగితే పన్నూ ఒరుగుతుంది.

అతికించడమన్నా నిన్నమొన్నటి విద్యే. పూర్వం ప్రతి పంటికీ ఉంగరంలాగా లోహపు పట్టీ తొడిగేవారు. ఇనపసామానుకు రంగు బాగా పట్టడానికి ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని గమనించి, 1955లో రోచెస్టర్‌లోని మైకేల్ బ్యునోకోర్ అదే ఉపాయం పంటి ఎనామెల్ మీద ప్రయోగించాడు. ఆమ్లం తగిలినచోట కంటికి కనిపించని గరుకు ఏర్పడి, జిగురు అందులోకి దిగి పట్టుకుంటుంది. ఈనాడు ప్రపంచమంతటా క్లిప్పులు నిలబడేది ఆ గరుకు మీదే.

పెద్దమ్మాయి రోజున జరిగింది ఇదీ. పెదవులు రెండూ ప్లాస్టిక్ చట్రంతో వెడల్పు చేశారు. పళ్ళు శుభ్రం చేసి, ఆరబెట్టి, 37 శాతం ఆమ్లం అర నిమిషంలోపు ఉంచి కడిగారు. మళ్ళీ ఆరబెడితే పన్ను సున్నంలా తెల్లబడింది. పట్టకారుతో ఒక్కొక్క బ్రాకెట్టూ పెట్టి, ఎత్తు కొలిచి, చుట్టూ మిగిలిన జిగురు గీకి, నీలికాంతి చూపించి గట్టిపరిచారు. ముందుపళ్ళకు అంతా సజావే. దవడపళ్ళ దగ్గరకు వచ్చేసరికి డాక్టరుగారి మెడ వంగింది, అద్దం మసకబారింది, అమ్మాయి నోట్లో ఉమ్మి ఊరిపోయింది. ఎనిమిదో నెలలో ఎక్స్‌రే చూసి, వెనక ఒక బ్రాకెట్టు ఊడదీసి మళ్ళీ అతికించారు. "ఇది మామూలేనండీ" అన్నారు. మామూలే కావచ్చు, అమ్మాయికి మాత్రం పరీక్షల వారంలో మళ్ళీ నొప్పి మొదలైంది.

ఈ ఇబ్బంది తప్పించాలనే 1972లో సిల్వర్‌మన్, కోహెన్ బృందం ఒక పద్ధతి చెప్పింది. నోటి అచ్చు తీసి, ప్లాస్టరు పళ్ళ మీద తీరికగా బ్రాకెట్లు అమర్చి, వాటి మీద తొడుగు చేసి, ఆ తొడుగుతోసహా నోట్లోకి మార్చడం. డిజిటల్ పద్ధతి దీని మనవడే. ముద్దతో అచ్చు తీసే బదులు కెమెరా పుల్ల నోట్లో తిప్పుతారు. తెర మీద పళ్ళను వైద్యం అయ్యాక ఉండవలసిన తీరులో ముందే పేర్చి, అక్కడినుంచి వెనక్కి లెక్కకట్టి బ్రాకెట్ల చోటు నిర్ణయిస్తారు. త్రీడీ ప్రింటరు తొడుగు చేస్తుంది. చిన్నమ్మాయి కుర్చీలో కూర్చున్నది అక్క కూర్చున్న దాంట్లో సగం కూడా లేదు.

ఇంతవరకు వింటే కంప్యూటరుకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆగండి. ఆమ్లం అదే, జిగురు అదే, ఉమ్మి అదే. చేత్తో అతికిస్తే పొరపాటు ఒక పంటితో పోతుంది. తొడుగు కాస్త సరిగా కూర్చోకపోతే వరసంతా ఒకేసారి తప్పుతుంది. తొడుగు కింద మిగిలిన జిగురు తీసెయ్యకపోతే అక్కడ పాచి చేరుతుంది. పరిశోధనలు చెప్పేదీ ఇలాగే ఉంది. తొడుగుతో మార్చినప్పుడు దూరాల తేడా చాలావరకు అరమిల్లీమీటరులోపే ఉంటుంది గాని, ఒరుగు మాత్రం అంత నమ్మకంగా రాదు. ఊడిపోవడంలో రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కుర్చీలో సమయం తగ్గుతుంది. తెర ముందు పనీ, తొడుగు పనీ కలిపితే మొత్తం సమయం పెరుగుతుంది. అందరికీ వైద్యం త్వరగా ముగుస్తుందని గట్టి రుజువు లేదు.

మరి ఎక్కువ ఫీజు దేనికి? తెర ముందు డాక్టరుగారు ఖర్చుపెట్టే ఆలోచనకు. చిక్కంతా అక్కడే. బ్రాకెట్లు సాఫ్ట్‌వేరే పెట్టేస్తుంది, లేదా ఎక్కడో లేబొరేటరీలో టెక్నీషియను పెడతాడు. దాన్ని డాక్టరు కదిపి చూసి దిద్దవచ్చు, చూడకుండా సరేననీ అనవచ్చు. చిన్నమ్మాయి కోరపన్ను దగ్గర మా డాక్టరుగారు ఎక్స్‌రే పక్కన పెట్టుకుని బ్రాకెట్టును కాస్త తిప్పారు. కెమెరా పుల్లకు చిగురు పైన ఉన్న పన్నే తప్ప వేరు కనిపించదట. ఆ తిప్పడానికి నేను సంతోషంగా డబ్బిచ్చాను. కాబట్టి నన్నడిగితే, ఏ యంత్రమని కాదు, "తెర మీద బ్రాకెట్లు చివరకు సరిచూసేది ఎవరండీ?" అని అడగమంటాను. చెయ్యి తిరిగిన డాక్టరు చేత్తోనే అతికిస్తానంటే వెనకాడనక్కర్లేదు. ఎక్కువసేపు నోరు తెరిచి కూర్చోలేని పిల్లలకూ, పళ్ళ లోపలివైపు క్లిప్పులు కావాలనేవారికీ తొడుగు పద్ధతి నిజంగా మేలు.

ఇంకొక్క విషయం. మూడోవారంలో చిన్నమ్మాయి చేగోడీ కొరికి ఒక బ్రాకెట్టు ఊడగొట్టుకుంది. డాక్టరుగారు దాచి ఉంచిన తొడుగులోంచి ఆ పంటి ముక్క కోసి, దాంట్లో కొత్త బ్రాకెట్టు పెట్టి, పాతచోటే పది నిమిషాల్లో అతికించారు. తొడుగు పారెయ్యకుండా మీ పిల్ల పేరు రాసి పెట్టమని మొదటిరోజే చెప్పండి.