మందు పట్టించిన దోమతెరలు



ముప్పది యేండ్లు బడిపంతులుగా నుంటిని. వానలు వెనుదీసి కార్తికము వచ్చుసరికి మా బడిలో పలకలు తగ్గుచుండెడివి. అడిగిన 'చలిజ్వర మండీ' యనెడివారు. అట్లు పోయిన యొక బాలుడు మరల రాలేదు. హాజరుపట్టీలో వాని పేరు కొట్టివేసిన చేయి నాదే. కావుననే యీ ప్రసంగమునకు పూనుకొంటిని.

1897 ఆగస్టు 20వ తేదీని రొనాల్డు రాసు సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. ఈ జ్వరమును మోయునది అనాఫిలిసు జాతి ఆడుదోమ. అది ముఖ్యముగా రాత్రులందు కఱచును. కావున పడకకు దోమతెర కోటవంటిది.

కోటకు గండి పడవచ్చును గదా! అందుకై తెర పోగులకు పైరిత్రాయిడు అను మందు పట్టించిరి. చామంతికి చుట్టమగు నొక పూవులోని విషమును చూచి మనుష్యులు చేసిన మందిది. దానిపై వ్రాలిన దోమ నరములు చెడి చచ్చును. కాని కాలక్రమమున చావక మిగిలిన దోమల సంతతియే వృద్ధిపొందెను. వాని దేహమందలి కొన్ని రసములు మందును విఱిచివేయును.

దీనికి రెండుపాయములు కలవు. మొదటిది, ఆ రసముల నణచు పిపరొనిల్ బ్యుటాక్సైడును మందుతో చేర్చుట. టాంజానియా దేశపు ములేబా సీమలో తెరలు పంచిన తొమ్మిది నెలలకు పిల్లలను పరీక్షించిరి. పాత తెరల యూళ్లలో నూటికి 42 మందియందును, క్రొత్త తెరల యూళ్లలో 29 మందియందును క్రిమి కనబడెను. ఈ ఫలితము 2018లో వెలువడెను.

రెండవది, క్లోర్‌ఫెనపైరు అను మందును చేర్చుట. ఏ రసములు పాత మందును విఱుచునో, అవియే దీనిని విషముగా మార్చును. తన వ్రేలితో తన కన్నే పొడుచుకొన్న ట్లగును! ఆ దేశముననే మిసుంగ్వి సీమలో, రెండేండ్లకు, నూటికి ఇంచుమించు 46గా నున్న సంఖ్య యీ తెరల యూళ్లలో 26 మాత్రమే. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు, పాత మందు పాఱని చోట్ల వీనిని వాడుమనిరి.

ఐనను పెట్టెలోని తెర యెవ్వరిని కాచును? పంచిన తెరలను కూరపాదులకు కప్పుటయు, చేపలు పట్టుటయు నేను చూచితిని. తెర అంచులను పఱుపు క్రిందికి దోపుడు. మెత్తని సబ్బుతో ఉతికి, నీడను ఆరవేయుడు. ఆ నీటిని చెఱువులో పోయకుడు. తెర ఒక్కటే యున్నచో గర్భిణికిని పసిపిల్లలకును ఇండు. మనము పెద్దలము, తరువాత చూచుకొందము.

మీ యూరి బడిపట్టీలో ఏ పేరును కొట్టివేయవలసిన దినము రాకుండుగాక! సెలవు.