పాట కోసం సెలవు

"మీరు కథలు రాస్తారు కదండీ, మా మాస్టారు నమ్మేలా ఒక అబద్ధం రాసిపెట్టండి" అంది మా వీధి చివర టైలరు షాపులో కుట్టే ఆవిడ.

మాది అమలాపురం. పద్నాలుగేళ్లుగా నా జాకెట్లన్నీ ఆవిడ చేతి మీదుగానే వస్తున్నాయి. నలభై రోజులు సెలవు కావాలట. పెళ్లా, పురుడా అని అడిగాను. సిగ్గుపడిపోయి, "పాట నేర్చుకోడానికండి" అంది.

రాజమండ్రిలో ఆవిడ చెల్లెలి ఇంటి పక్కనే ఒక సంగీతం టీచరుగారున్నారు. చిన్నప్పుడు సరళీ స్వరాల దగ్గరే ఆగిపోయిన పాటని, దగ్గర కూర్చోబెట్టుకుని మళ్లీ మొదలుపెట్టిస్తానన్నారట. ఇక్కడి నుంచి రావులపాలెం మీదుగా రోజూ వెళ్లి రావడం అయ్యే పని కాదు. ఆవిడ పుట్టిల్లు రాజోలు దగ్గర శంకరగుప్తం. "మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పుట్టిన ఊరి గాలి మరి!" అన్నాను. నవ్వలేదు. పాపం, ఆవిడ భయం ఆవిడది.

నిజం చెప్పొద్దూ, అబద్ధం నేనూ అల్లేశాను. అత్తగారికి మోకాలి ఆపరేషను, చూసుకునే దిక్కు లేదు... బాగానే వచ్చింది. చదివి వినిపిస్తే, "మా అత్తగారు రోజూ షాపు ముందు నుంచే కూరగాయలకి నడిచెళ్తారండి" అంది.

ఇంతకుముందు ఒకసారి అమ్మకి జ్వరమని ఐదు రోజులు మానేసి కచేరీలు వినడానికి వెళ్లిందట. మూడో రోజున ఆ అమ్మే కూతుర్ని వెతుక్కుంటూ షాపుకి వచ్చింది. మాస్టారు పల్లెత్తు మాట అనలేదు. నెల రోజుల పాటు చీర ఫాల్సూ, హుక్కులూ తప్ప చేతికేమీ ఇవ్వలేదు, అంతే.

పెళ్లికీ, పురిటికీ, చావుకీ, పిల్లల పరీక్షలకీ ఆడవాళ్లు సెలవు అడగొచ్చు. తన సరదా కోసం అడిగితే మాత్రం లోకం వింతగా చూస్తుంది. అదే మన కోనసీమలో సంక్రాంతి వస్తోందంటే మగవాళ్లు వెదురు చట్రాలు కట్టి ప్రభలకి రంగుల బట్ట చుట్టే పనిలో పడతారు. కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి మన రాష్ట్రం ఢిల్లీకి పంపిన శకటం కూడా ఈ తీర్థమే. ఆ నాలుగు రోజులూ పనివాడు రాకపోతే ఎందుకు రాలేదని అడిగే యజమాని ఉండడు. మన మాస్టారే షాపు మూసేసి వెళ్తారు! దేవుడి పని కదా అంటారు. కాదనను. త్యాగరాజ కీర్తన మాత్రం ఎవరి పని?

1988లో వచ్చిన మన దుకాణాల చట్టంలో ఏడాదికి 240 రోజులు పనిచేసిన వాళ్లకి పదిహేను రోజులు జీతంతో సెలవని రాశారు. కానీ జాకెట్టుకింత అని కూలి తీసుకునే చోట ఆ ఊసే ఎవరూ ఎత్తరు. అందుకని చట్టం పక్కన పెట్టి పంచాంగం తీశాం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మిషన్లు ఖాళీ. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం జాకెట్లతో ఊపిరాడదు. కాబట్టి వెళ్లేది ఆషాఢం పాడ్యమికి, తిరిగొచ్చేది అమావాస్యకి. నలభై రోజులు ముప్ఫై అయ్యాయి. ఒప్పుకున్న జాకెట్లన్నీ ముందే కుట్టిచ్చేయాలి. కూలి అడగకూడదు. బదులుగా ఒక మనిషిని తనే చూపించాలి. ఈ ఆఖరి సలహా నాదే.

అడిగేటప్పుడు నేనూ పక్కనే ఉన్నాను, జాకెట్టు కొలత ఇచ్చే వంకతో. మాస్టారు కత్తెర ఆపకుండానే విన్నారు.

"ఈ వయసులో పాటేంటమ్మా?"

"ఈ వయసు దాటితే గొంతు రాదండి."

కాసేపు ఆగి, "అమ్మకి జ్వరమని చెప్పలేదు, నయం" అన్నారాయన. "శ్రావణం మొదటి శుక్రవారానికి నా మిషను మీద మనిషి ఉండాలి."

"ఆయ్, అలాగేనండి."

వెళ్లింది. ఫోను చేసినప్పుడల్లా జంట స్వరాలు వినిపిస్తోంది. నా బాధల్లా ఆ బదులు మనిషి గురించే. ఆ పిల్ల కుట్టు నున్నగా ఉంది, చెయ్యి చురుకు. నిన్న నా జాకెట్టు తెచ్చుకోడానికి వెళ్తే, "ఈ పిల్లని కూడా ఉంచేసుకుందామా అనుకుంటున్నానండి" అన్నారు మాస్టారు. కిటికీ పక్కన, వెలుతురు పడే చోట ఉన్న మిషను ఒక్కటే. "కూడా" అన్నారు కదా అని సమాధానపడుతూ ఇంటికొచ్చాను. అమావాస్యకింకా తొమ్మిది రోజులుంది.