నాణెం మీద మచ్చ.. టంకసాలదా, మన ఇంటిదా?

విదేశాల్లో స్థిరపడిన మన ఇళ్లలో చాలాచోట్ల నగల డబ్బా అడుగున ఓ చిన్న మూట ఉంటుంది. అందులో అమ్మమ్మో నాయనమ్మో ఇచ్చిన వెండి రూపాయలు నాలుగైదు ఉంటాయి. నాకు నాణేలు పోగుచేసే అలవాటు ఉందని తెలిసి, ఇక్కడ డాలస్‌లో చాలామంది వాటిని పట్టుకొస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే: "ఈ మచ్చేంటండీ? నకిలీదేమో కదా?"

మచ్చ ఉన్నంత మాత్రాన నకిలీ అయిపోదు. అది టంకసాలలోనే పడిందా, బయటికి వచ్చాక పడిందా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఉబ్బెత్తా, గాటా?

నాణేన్ని దీపం కింద పెట్టి మెల్లగా తిప్పుతూ భూతద్దంతో చూడండి. గీత పైకి ఉబ్బి ఉంటే అది చాలావరకు టంకసాలలో పడిందే. ముద్ర కొట్టే ఉక్కు డై పగిలితే, ఆ పగులులోకి లోహం చొచ్చుకెళ్లి నాణెం మీద సన్నని గట్టులా తేలుతుంది. మధ్యలో బిళ్ల లేకుండా రెండు డైలు ఢీకొంటే, ఆ తర్వాత వచ్చే నాణేలపై ఒకవైపు బొమ్మ రెండోవైపు నీడలా కనిపిస్తుంది. అమెరికాలో 1955 నాటి సెంటు నాణేలు కొన్నింటిపై అక్షరాలు, సంవత్సరం రెండేసిగా కనిపిస్తాయి. డై తయారీలో జరిగిన పొరపాటది. వాటికి గిరాకీ అందుకే.

గీత లోపలికి దిగి ఉంటే ఎక్కువగా బయట తగిలిన దెబ్బే. సంచుల్లో ఒకదానికొకటి కొట్టుకున్న గాట్లు అలాంటివే. బట్టల డ్రయర్‌లో ఇరుక్కుని దొర్లీ దొర్లీ అంచు మందమైపోయిన క్వార్టర్లూ ఉంటాయి. ఆసియా వ్యాపారం కోసం అమెరికా 1873లో మొదలుపెట్టిన ట్రేడ్ డాలర్లపై చైనా వర్తకులు వెండి మంచిదేనని పరీక్షించి కొట్టిన ముద్రలు కనిపిస్తాయి. ఆ ముద్రలున్న వాటినే వెతికి కొనేవాళ్లున్నారు.

మన నాణేలపై సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే కంగారు పడకండి. అది హైదరాబాద్ టంకసాల గుర్తు. ముంబయికి వజ్రం ఆకారం, నోయిడాకు చుక్క. కోల్‌కతా నాణేలకు ఏ గుర్తూ ఉండదు.

తొమ్మిది రూపాయల తగవు

మా వీధిలో ఉండే వదినగారి అత్తగారు పోయాక, ఆవిడ దాచిన తొమ్మిది వెండి రూపాయలను ముగ్గురు పిల్లలకు మూడేసి చొప్పున పంచారు. లండన్‌లో ఉండే ఆడపడుచు తన మూడింటినీ ఓ దుకాణంలో చూపిస్తే "దెబ్బతిన్నాయి, వెండి ధరే వస్తుంది" అన్నారట. "మంచివి మీరుంచుకుని పాడైనవి నాకిచ్చారు" అని ఆమె వదినతో మాట్లాడటం మానేసింది.

వదినగారు తన మూడూ తెచ్చారు. మిగతా ఆరింటి ఫొటోలు కూడా తెప్పించమన్నాను, అంచులు కనిపించేలా. తొమ్మిదింటికీ తల బొమ్మకు సరిగ్గా పైన, అంచు మీద బూడిదరంగు లోహపు మరక ఉంది. దాని పక్కనే ఆకురాయితో అరగదీసిన గీతలున్నాయి. అది టంకం. ఒకప్పుడు ప్రతి రూపాయికీ రింగు అతికించి దండగా గుచ్చారు. తర్వాతెప్పుడో రింగులు ఊడదీశారు. ఊళ్లో ఉన్న మామగారిని అడిగితే, అత్తగారి నాయనమ్మ మెడలో రూపాయల దండ ఉండేదని చెప్పారు.

లండన్ దుకాణం చెప్పిన ధర సరైనదే. టంకం మరకతో విలువ తగ్గుతుంది. అయితే అది తొమ్మిదింటికీ తగ్గింది. లండన్ నాణేలపై జిగటగా ఉన్న పచ్చదనం మాత్రం వేరు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లో పెట్టడం వల్ల వచ్చిందది. వదినగారి వాటిపై అక్షరాల సందుల్లో ఉన్న ఎరుపు లక్ష్మీపూజ కుంకుమ. ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి పంపాక, ఆడపడుచే ముందుగా ఫోన్ చేసిందట.

తోమకండి

వరలక్ష్మీ వ్రతానికి వెండి సామాన్లు చింతపండుతోనో విభూతితోనో తోమినట్టు పాత నాణేలను తోమకూడదు. సన్నని గీతలు పడతాయి. అవి ఇక పోవు. సేకరించేవాళ్లు వాటిని ఇట్టే పట్టేస్తారు.

అనుమానం ఉంటే ముందు తూచండి. విక్టోరియా నుంచి అయిదో జార్జి దాకా వచ్చిన వెండి రూపాయి 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. అరుగుదల వల్ల కాస్త తగ్గొచ్చు, టంకం ఉంటే కాస్త పెరగొచ్చు. అయస్కాంతానికి అతుక్కుంటే మాత్రం అది వెండి కాదు. 1940 నుంచి వచ్చిన వాటిలో వెండి సగమే.

నాణేలను పీవీసీ లేని కవర్లలో, ఒక్కోటి విడిగా దాచండి. ప్రతి కవర్లో ఓ చీటీ పెట్టండి: ఎవరిది, ఎవరిచ్చారు, ఆ మచ్చ ఎలా పడింది. ఆ సంగతులు చెప్పగల పెద్దలు ఊళ్లో ఉంటే ఈ ఆదివారమే ఫోన్ చేసి అడగండి.