ఎముకల సూదిమందు – రక్తములోని కాల్షియం

ఒకే సూదిమందును ఎముకలు గుల్లబారిన ముసలమ్మకును ఇచ్చుచున్నారు, రక్తములో కాల్షియం మితిమీరిన క్యాన్సరు రోగికిని ఇచ్చుచున్నారు. మొదటివారిని కాల్షియం తినుమనుచున్నారు, రెండవవారికి వలదనుచున్నారు. ఇదేమి విడ్డూరమని అడుగువారు తరచుగా మా యొద్దకు వచ్చుచుందురు. ఆ మందు జోలెడ్రోనిక్ ఆమ్లము. సందేహము సమంజసమైనదే గనుక కొంత వివరింతును.

అస్థిధాతువు వాతమునకు ఆశ్రయస్థానమని మన శాస్త్రము. వయస్సు మళ్ళిన కొలది వాతము ప్రకోపించి అస్థి క్షీణించును. ఆధునికులు దీనిని మరియొక విధముగా చూతురు. ఎముక ఒకసారి కట్టి విడిచిన గోడ కాదు. దానిని నిత్యము కొరికి తీయు కణములు కొన్ని, తిరిగి పూడ్చు కణములు కొన్ని కలవు. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత కొరుకుట హెచ్చి, పూడ్చుట వెనుకబడును. ఈ మందు ఎముకకు చేరి అంటుకొని, కొరుకు కణములను అణచును. అందువలన ఎముక నిలుచును; ఎముకనుండి రక్తములోనికి జారు కాల్షియం కూడ తగ్గును.

ఎముకల గుల్లతనమునకు సాధారణముగా సంవత్సరమునకు ఒక్కసారి 5 మిల్లీగ్రాములు, 15 నిమిషములకు తక్కువ కాకుండ, సిరలోనికి ఎక్కింతురు. 7 వేలమందికి పైగా స్త్రీలను 3 సంవత్సరములు పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితములలో వెన్నుపూసలు విరుగుట నూటికి 70 వంతులు, తుంటి విరుగుట 41 వంతులు తగ్గినవి. తుంటి విరిగి మంచమునబడిన పెద్దల అవస్థ చూచినవారు ఈ లెక్కను త్రోసివేయజాలరు. కషాయములతో ఇంతటి ఫలితమును నేను లెక్కకట్టి చూపలేను. కనుక వైద్యుడు అవసరమన్నచో ఈ సూదిని వలదనను.

అయితే ఈ రోగికి సూదికి ముందే విటమిన్ డి, కాల్షియం లోపములను సరిచేయవలెను. లేనిచో రక్తములో కాల్షియం పడిపోయి వ్రేళ్ళు తిమ్మిరెక్కును, కండరములు పట్టివేయును. పాలు, పెరుగు, నువ్వులు, రాగిజావ మేలు చేయును. నల్లేరు పచ్చడియు రుచిగా తినవచ్చును గాని, అది సూదిమందునకు బదులని భావింపరాదు.

రెండవ రోగి సంగతి వేరు. గొంతులోని పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేసినను, కొన్ని క్యాన్సరులవలనను రక్తములో కాల్షియం హెచ్చును. తీరని దాహము, అతిమూత్రము, మలబద్ధము, వికారము, మతిమరపు, మగత కనిపించును. ఇది ఇంటివైద్యమునకు లొంగునది కాదు. ఆసుపత్రిలో ముందు సెలైను ఎక్కింతురు. క్యాన్సరు వలన హెచ్చినచో జోలెడ్రోనిక్ ఆమ్లము 4 మిల్లీగ్రాములు ఇత్తురు. అది పనిచేయుటకు రెండుమూడు దినములు పట్టును గనుక, తీవ్రస్థితిలో కాల్సిటోనిన్ అను మరియొక సూదిని తోడు చేయుదురు. దాని గుణము కొన్ని గంటలలోనే కనిపించును గాని, రెండు దినములలో సన్నగిల్లును.

మా వైద్యము వలన ప్రమాదము కలుగునది ఇక్కడనే. శంఖభస్మము, ప్రవాళభస్మము, ముత్యపుచిప్ప భస్మము ప్రధానముగా కాల్షియం కార్బొనేటే. కడుపుమంటకని వీనిని నిత్యము సేవించువారు కలరు. పై వికారమును, మలబద్ధమును అజీర్ణమనుకొని మరికొంత శంఖభస్మము మ్రింగుట అగ్నిలో ఆజ్యము పోయుటయే. తాంబూలములోని సున్నము కూడ లెక్కకు వచ్చును. కాల్షియం హెచ్చినదని పరీక్షలో తేలిన దినముననే ఇవన్నియు, వాటితోపాటు కాల్షియం, విటమిన్ డి మందులును ఆపి, ఏమేమి వాడితిరో వైద్యునకు దాచక చెప్పవలెను. భస్మములు మందులు కావని చెప్పక మానివేయుటే మన ఇండ్లలో పరిపాటి.

సూది వేయించుకొనువారు మూత్రపిండముల పరీక్ష తప్పక చేయించుకొనవలెను. వాని శక్తి బాగుగా తగ్గినవారికి ఎముకల కొరకు ఈ మందు ఇయ్యరాదు. మొదటి మూడు దినములలో జ్వరము, ఒళ్ళునొప్పులు రావచ్చును, పారాసిటమాల్‌తో తగ్గును. పన్ను తీయింపవలసియున్నచో సూదికి ముందే తీయించి, ఆ గాయము మానిన పిమ్మట వేయించుకొనవలెను. అరుదుగానైనను దవడ ఎముక మానక పుండుపడుట కలదు. క్యాన్సరు కొరకు తరచుగా ఈ సూది పొందువారిలో ఇది ఎక్కువ. తరువాత ఎప్పుడు దంతవైద్యుని యొద్దకు వెళ్ళినను ఈ మందు సంగతి ముందుగా చెప్పవలెను.