మీకు తెలుసా? ఒక్కటి ఎక్కువైతే!

కోదాడ దగ్గరి నడిగూడెం కోట చూశారా? జాతీయ జెండా రూపొందించిన పింగళి వెంకయ్య గారు అక్కడున్న రోజుల్లో చేసిన పరిశోధన పత్తి మీద! అందుకే జనం ‘పత్తి వెంకయ్య’ అన్నారు. ఆయన మనసు పడ్డ కంబోడియా పత్తిలో ఓ గుట్టుంది. నాటు పత్తి కణంలో క్రోమోజోములు, అంటే జన్యువుల మూటలు, 26. దీంట్లో 52! అచ్చంగా రెట్టింపు! అయినా మొక్కకు ఏమీ కాలేదు. పైగా పింజ పొడుగు!

మరి మనిషికో? మన లెక్క 46. ఒక్కటి పెరిగితే చాలు, కథే మారిపోతుంది! ఈ లెక్కైనా మొన్నమొన్నటిదే సుమా. 1956 దాకా పుస్తకాల్లో 48 అనే ఉండేది. మహామహులే ఎంచి ఎంచి పొరబడ్డారు!

అన్నింట్లోకీ బుల్లిది 21వ క్రోమోజోమ్. రెండుండాల్సిన చోట అది మూడైతే డౌన్ సిండ్రోమ్! అందుకే ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం మూడో నెల, 21వ తేదీ. తేదీలోనే గుట్టు!

ఇది ఇంకా చిత్రం! మీరు ఏ అండం నుంచి పుట్టారో అది తయారైంది అమ్మమ్మ కడుపులో! అప్పటికి అమ్మే ఇంకా పుట్టలేదు! ఆ అండం విడిపోవడం మొదలెట్టి, మధ్యలో ఆగి, ఏళ్లకేళ్లు కాచుక్కూర్చుంటుంది. ఆలస్యమైన కొద్దీ క్రోమోజోముల పంపకంలో పొరపాట్లు. తల్లికి 40 ఏళ్లొస్తే డౌన్ బిడ్డ పుట్టే అవకాశం దాదాపు 100కి 1! బిడ్డలో తేడా ఉంటే గ్రహణాన్ని తిడతారు. పాపం, అదేం చేసింది?

తొలి మూడు నెలల్లో పోయే కడుపుల్లో దాదాపు సగం క్రోమోజోముల లెక్క తప్పినవే! బొప్పాయి తిన్నావని కోడల్ని సాధించే అత్తల చెవిన ఈ ముక్క వేయండి.

5వ క్రోమోజోమ్ కొస ఊడిపోతే? బిడ్డ పిల్లికూనలా ఏడుస్తుంది! నిజం! ఆ ఏడుపు వినే డాక్టర్లు అనుమానపడతారు.

9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైతే ఓ రకం రక్తక్యాన్సర్. ఇది పుట్టుకతో రాదు, మధ్యలో వస్తుంది. దానికి వాడే ఇమాటినిబ్ మందును మన హైదరాబాద్ నాట్కో కంపెనీ కూడా తయారుచేసింది! అప్పట్లో విదేశీ కంపెనీ మందు నెలకు లక్ష రూపాయలు దాటితే, మనది దాదాపు పదో వంతే ఉండేది!

ఆఖరిది, కాస్త దగ్గరికి రండి. 45తోనే నిక్షేపంగా తిరిగేవాళ్లున్నారు! రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటైపోతాయి. కావాల్సిన సరుకంతా ఉంది, మూటే ఒకటి తగ్గింది! సుమారు 1000 మందిలో ఒకరట. కోదాడ బస్టాండులో మీ పక్కన చాయ్ తాగుతున్నాయనే కావచ్చు. ఆయనకే తెలీదు!